అట్ట బస్సు కుంటుతోందా? ముందు చక్రం చూడండి

పాత అట్ట, సీసా మూతలు, సైకిల్ చువ్వలతో ఇంట్లో చేసే చిన్న బండికి తేడా వస్తే అందరి చూపూ రంగు మీదకే పోతుంది. కారణం మాత్రం చాలాసార్లు కింద, ఇరుసు దగ్గర ఉంటుంది. అందుకే చక్రంతో మొదలుపెడుతున్నాను. పల్లెవెలుగు బస్సును నమూనాగా తీసుకున్నా, లారీకైనా ఇవే సూత్రాలు.

నడుస్తుంటే ఎగిరెగిరి పడుతోంది

మూతకు రంధ్రం నడిమధ్యన పడలేదు. కేంద్రం 1 మిల్లీమీటరు తప్పినా చక్రం తిరిగిన ప్రతిసారీ బండి 2 మిల్లీమీటర్లు లేచి పడుతుంది. మన 3 సెంటీమీటర్లు అసలు బస్సులో ఒక మీటరు (ఈ కొలత ఎలా వచ్చిందో కింద చెప్పాను), ఆ లెక్కలో అది ఆరున్నర సెంటీమీటర్ల పైమాటే.

కంటి అంచనా వద్దు. మూతను కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఆ వృత్తాన్ని కత్తిరించి, రెండుసార్లు సగానికి మడవండి. మడతలు కలిసే చోటే కేంద్రం. ఆ బిళ్లను మూతపై ఉంచి, పట్టకారుతో పట్టుకున్న వేడి సూదితో గుచ్చండి. పిల్లలుంటే ఈ పని పెద్దవాళ్లే చేయాలి. రంధ్రం చువ్వ కన్నా కాస్త సన్నగానే ఉండాలి.

మూత సరిగానే ఉండి చక్రం అటూ ఇటూ ఊగితే ఇరుసును అనుమానించండి. చాలామంది కొబ్బరి ఈనె వాడతారు. అది ఒక కొస లావుగా, మరో కొస సన్నగా ఉంటుంది కాబట్టి రెండు చక్రాలూ ఒకేలా బిగుసుకోవు. పాత సైకిల్ చువ్వకు ఆ బాధ లేదు. దాన్ని జ్యూసు ప్యాకెట్ స్ట్రాలోంచి దూర్చి, స్ట్రాను బండి అడుగున అంటించండి. చక్రం ఇరుసుకు బిగుతుగా, ఇరుసు స్ట్రాలో వదులుగా ఉండాలి.

చక్రం ఊడిపోతోంది

జిగురు మార్చి లాభం లేదు. సీసా మూతలు పాలిథిలిన్ లేదా పాలిప్రొపిలిన్‌తో తయారవుతాయి, మామూలు జిగుర్లు వాటిని పట్టుకోవు. మూతకు రెండు వైపులా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు చువ్వకు తొడగండి. అవి బిగుసుకుని చక్రాన్ని కదలనివ్వవు.

తోస్తే ఒక పక్కకు లాగుతోంది

ఇరుసులు సమాంతరంగా లేవు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు కుడివైపు ఎంత దూరమో ఎడమవైపూ అంతే ఉండాలి. స్ట్రా జిగురు ఆరకముందే స్కేలు పెట్టి కొలవండి.

అన్నీ ఉన్నా బస్సులా కనిపించడం లేదు

కొలతలు కుదరలేదు. చాలామంది దొరికిన డబ్బాను బస్సు అనుకుని, దానికి దొరికిన చక్రాలు తగిలిస్తారు. టూత్‌పేస్టు పెట్టెకు సీసా మూతలు పెడితే వచ్చేది బస్సు కాదు, ట్రాక్టరు. చక్రం కొలతను బట్టే బండి కొలతలు తేల్చుకోవాలి. బస్సు చక్రం టైరుతో కలిపి సుమారు 1 మీటరు ఎత్తు, నీళ్ల సీసా మూత సుమారు 3 సెంటీమీటర్లు. అంటే అసలు బస్సులో ప్రతి మీటరుకూ మనకు 3 సెంటీమీటర్లు. 11 మీటర్ల బస్సు 33 సెంటీమీటర్లకు వస్తుంది. రెండున్నర మీటర్ల వెడల్పు ఏడున్నర, 3 మీటర్ల ఎత్తు 9 అవుతాయి. ఇరుసుల మధ్య 17 సెంటీమీటర్లు వదలండి. వెనక రెండేసి చక్రాలు మరవకండి. టూత్‌పేస్టు పెట్టెనే వాడాలని పట్టుదల ఉంటే మూతలు పక్కనపెట్టి కోటు గుండీలు వెతకండి.

గోడలు వంకర పోయాయి

నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను అట్టకు ఒక వైపే పూశారు. తడిసిన పక్క ఉబ్బి, ఆరాక ముడుచుకుని అట్టను లాగేస్తుంది. రెండు వైపులా పూసి, కాస్త ఆరాక పాలిథిన్ కాగితాల మధ్య పెట్టి పుస్తకాల బరువు కింద ఉంచండి. గోడలకు అట్టపెట్టె కన్నా పాత శుభలేఖల దళసరి అట్ట మేలు, అంచు నీటుగా తెగుతుంది. పెళ్లిళ్ల సీజను తర్వాత దానికి కొరత ఉండదు.

అతుకుల దగ్గర సందులు

కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్లపొణికి కర్ర ముక్కలను అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. మన సందులకూ అదే పద్ధతి. చింతగింజలు విసిరే ఓపిక లేకపోతే ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి.

కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి

ఫెవిక్విక్ ఆవిరి చేసిన పని అది. చొక్కా డబ్బా ప్లాస్టిక్ మీద ఆ ఆవిరి తెల్లటి పొరలా పేరుకుంటుంది. అద్దం తీసేసి కొత్తది పెట్టండి, ఈసారి ఫెవికాల్‌తో. ఆరాక అది పారదర్శకమవుతుంది. థర్మోకోల్ ముక్కలు వాడి ఉంటే స్ప్రే పెయింటు కూడా వద్దు, అందులోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. నీళ్లలో కలిసే రంగులు వాడండి.

మోటారు తిరుగుతోంది, బండి కదలడం లేదు

ఆటబొమ్మల మోటారుకు వేగం ఎక్కువ, బలం తక్కువ. దాన్ని నేరుగా ఇరుసుకు తగిలించకూడదు. మోటారు ఇరుసుకు వాల్వు ట్యూబు ముక్క తొడిగి, వెనక చక్రాల ఇరుసుకు సుమారు 2 సెంటీమీటర్ల అట్ట కప్పీ బిగించి, రెండింటినీ రబ్బరు బ్యాండుతో కలపండి. వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. బ్యాండు మరీ బిగిస్తే మోటారు ఆగిపోతుంది, మరీ వదులైతే జారుతుంది. కప్పీ తిరుగుతున్నా చక్రాలు నేల మీద జారుతుంటే బ్యాటరీలను వెనక ఇరుసు మీదికి జరిపి బరువు పెంచండి. బస్సు వెనక్కి నడిస్తే బ్యాటరీ వైర్లు అటుదిటు మార్చండి.