నమ్మే ముందు – 3వ పాఠం: కళ్లు చూసింది, మనసు కలిపింది

పోయిన పాఠంలో వాదం, జల్పం, వితండం చూశాం. గౌతమ మహర్షి రాసిన పాత తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాల లెక్కలో నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే వాదం, ఎలాగైనా గెలవాలని మాట్లాడితే జల్పం. తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. మీ ఇంట్లో జరిగిన మూడు గొడవలు రాసుకుని, ఏది ఏ రకమో చూడమన్నాను. మూడూ జల్పాలే అయితే కంగారు పడకండి, నావీ అంతే.

ఈసారి నోటుబుక్కులో ఒక పేజీ తీసి మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'అనుకున్నది'.

1995 సెప్టెంబరు 21, గురువారం. తెల్లవారుజామున ఢిల్లీలో ఒక గుడిలో వినాయకుడు చెంచాతో పాలు తాగాడన్న వార్త పుట్టింది. మధ్యాహ్నానికల్లా దేశమంతా గుళ్ల ముందు క్యూలు. మా నాయనమ్మ కూడా గ్లాసుతో పాలు, చెంచా పట్టుకుని వెళ్లి రెండు గంటలు నిలబడి వచ్చింది. "తాగాడ్రా, కళ్లారా చూశాను" అంది. మా చిన్నాన్న టీవీ ముందు నుంచి లేవకుండానే "అంతా భ్రమ" అన్నాడు. రెండు రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ముందు నాయనమ్మ మాట తీసుకుందాం. 'చెంచా తొండానికి ఆనించాను', 'పాలు తగ్గాయి': ఈ రెండూ ఎడమవైపు రాయండి. 'స్వామి తాగాడు' కుడివైపు. ఇక 'నేను చెంచా వంచలేదు' అని కూడా అంది. అది ఎటు? నేను చాలాకాలం ఎడమవైపే ఉంచాను. ఆవిడ చెయ్యి, ఆవిడకి తెలియదా అని.

ఒకసారి మీరే చేసి చూడండి. పాలలో చిటికెడు పసుపు కలిపి చెంచా నిండా తీసుకోండి. చిన్న రాతి విగ్రహాన్ని తడిపి, చెంచా అంచుకి ఉబ్బి ఉన్న పాలు తొండానికి తగిలేలా పట్టుకోండి. పాలు రాతిని అంటుకుంటాయి, తలతన్యత (సర్ఫేస్ టెన్షన్) వల్ల అంచు దాటి వస్తాయి, అక్కణ్నుంచి పల్చటి పొరలా కిందికి జారిపోతాయి. తగ్గేకొద్దీ చెయ్యి వెంట్రుకవాసి వంగుతూనే ఉంటుంది, మనకి మాత్రం తెలియదు. పసుపు లేకపోతే, అభిషేకంతో అప్పటికే తడిసిన విగ్రహం మీద ఆ పొర కనిపించదు. అప్పట్లో ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు చేసిందీ ఇదే: రంగు కలిపిన పాలు పట్టారు, రంగు విగ్రహం మీదుగా దిగింది. కాబట్టి 'వంచలేదు' కుడివైపుకి వెళ్లాలి.

ఇప్పుడు చిన్నాన్న మాట. 'అంతా భ్రమ' కుడివైపు. ఎడమవైపు? ఏమీ లేదు. ఆయన గుడికి వెళ్లలేదు, చెంచా పట్టలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. నాయనమ్మ పేజీలో కనీసం రెండు వాక్యాలున్నాయి.

చివరికి ఆయన చెప్పిందే నిజమైంది కదా అంటారా? విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త 1877లో ఒక వ్యాసంలో సరిగ్గా ఈ మెలికే పెట్టాడు. ఒక ఓడ యజమాని. ఓడ పాతది, మరమ్మతు కావాలని అనుమానం ఉంది, ఖర్చు ఎక్కువ. ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇదీ చేస్తుందిలే అని తనకి తనే నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపాడు. ఓడ మునిగింది. తప్పు ఆయనదే అని ఎవరైనా అంటారు. సరే, మునగలేదనుకోండి, క్షేమంగా చేరిందనుకోండి. అప్పుడూ అంతే తప్పు అంటాడు క్లిఫర్డ్. ఏమైందన్నది కాదు, ఆ నమ్మకం ఎలా సంపాదించుకున్నాడన్నదే ఆయన ప్రశ్న. నాకు ఇది మొదట్లో మరీ కఠినంగా తోచింది. చిన్నాన్న పేజీలో ఖాళీ గడి చూశాక ఒప్పుకున్నాను.

పాల విషయంలో పోయింది కాసిని పాలే. అదే ఫ్యామిలీ గ్రూపులో 'షుగర్ మాత్రలు మానేసి ఈ కషాయం తాగండి, మా పక్కింటాయనకి తగ్గింది' అని వస్తే? అక్కడా గీత గీయండి. తగ్గిందని ఎవరు చూశారు, ఏ పరీక్షలో, మాత్రలు నిజంగానే మానేశాడా? పంపినవాళ్లని మూర్ఖులనకుండానే ఇవన్నీ అడగొచ్చు. చిన్నాన్న కూడా "చెంచా నువ్వే పట్టుకున్నావా అమ్మా, పూజారి పట్టుకున్నాడా? కింద తడిగా ఉందా?" అని అడిగి ఉంటే ఎడమ గడి నిండేది, రెండు రోజుల మౌనం తప్పేది. నాయనమ్మ కూడా ఎదురు ప్రశ్న వేసేది: "మరి ఇన్నాళ్లూ ఎందుకు తాగలేదురా?" మంచి ప్రశ్నే. ఇన్నాళ్లూ చెంచా ఆనించి చూసిందెవరు?

ఈ వారం అభ్యాసం: మీరు గట్టిగా నమ్మే మాటలు మూడు, మీకు అస్సలు నచ్చని మాటలు మూడు తీసుకుని ఈ పేజీలో సర్దండి. నచ్చని వాటితో మొదలుపెట్టకండి, అది తేలిక.

వచ్చే పాఠం ఛలం, అంటే ఎదుటివాడి మాటకి వాడు అనుకోని అర్థం తీసి తప్పు పట్టడం. 'వాడు నవకంబళం కప్పుకున్నాడు' అని ఒకడంటాడు, కొత్త కంబళి అని వాడి ఉద్దేశం. 'ఉన్నది ఒకటేగా, తొమ్మిదెక్కడున్నాయి?' అంటాడు ఇంకొకడు. మీ ఇంట్లో ఆ రెండోవాడు ఎవరో ఈలోగా కనిపెట్టి ఉంచండి.