చాయ్‌కి ఆపితే మళ్లీ స్టార్ట్ కాని కారు

మాది 1990ల నాటి కార్బ్యురేటర్ పెట్రోల్ కారు, నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కంపెనీ పేరెందుకులెండి. ఇంట్లో ఇంకా అలాంటిది ఉన్నవాళ్లకు మా కారు తిప్పలు, వాటి విరుగుళ్లు పనికొస్తాయని రాస్తున్నా.

సమస్య: ఎండాకాలంలో నడిచినంతసేపు బాగుంటుంది, ఆపితే మళ్లీ అందుకోదు

నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా శ్రీశైలం పోతుంటే డిండి దగ్గర చాయ్ తాగేవాళ్లం. తాగి వచ్చి సెల్ఫ్ కొడితే గుర్రుగుర్రుమనడమే. నాన్న బ్యాటరీని తిట్టేవాడు. పాపం, దాని తప్పేం లేదు. ఈ కార్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. మెకానిక్‌లు ఏసీ పంపు అంటారు, చల్లదనానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. బండి నడుస్తుంటే గాలి తగులుతుంది. ఆపగానే ఇంజిన్ వేడంతా పంపుకు, పైపుకు ఎక్కి లోపలి పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు ఆవిరిని లాగలేదు.

బానెట్ ఎత్తి, తడి దస్తీ పిండి పంపుకు, పైపుకు చుట్టండి. ఆరితే మళ్లీ తడపండి. 20 నిమిషాలు పట్టొచ్చు. నీళ్లు గుమ్మరించొద్దు, కాగిన ఇంజిన్ పగలొచ్చు. దస్తీ మీంచి పొగలు రావడం ఆగితే సెల్ఫ్ కొట్టొచ్చని మా పిల్లల లెక్క. ఆ పొగ చూడ్డానికి బానెట్ దగ్గర నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

సమస్య: మన్ననూర్ ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటుతుంది

మా కారులో కారణం బోరు నీళ్లు. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కట్టింది. శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించండి. వేడి మీద మూత తిప్పొద్దు. నాన్న ముంజేతి మీది మచ్చ ఆ మూత పెట్టిందే.

సమస్య: వానాకాలం పొద్దున మొరాయిస్తుంది

స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా డిస్ట్రిబ్యూటర్. దాని మూత లోపల చెమ్మ. వైర్లు పీకకుండా మూత తీసి, పొడి గుడ్డతో తుడవండి.

సమస్య: ముందు ఎడమ డోర్ లోపలి నుంచి తెరుచుకోదు

హ్యాండిల్ కడ్డీని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. కొత్తది వేస్తే అయిపోయేది, మేం వేయించనే లేదు. అమ్మ అద్దం దించి, చెయ్యి బయట పెట్టి తీసుకునేది. ఇప్పుడు తమ్ముడి కొత్త కారెక్కినా, దిగే ముందు ముందుగా అద్దమే దించుతుంది.