పాత ఎంజీబీ బ్రేకులు, 3వ పాఠం: పిస్టన్లు బయటికి తీయడం

పోయిన పాఠంలో ఒక పక్క ముందు చక్రం ఊడదీసి, ప్యాడ్లు లాగేసి, కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్క్‌కు రెండు వైపులా నొక్కే భాగాన్ని) విప్పి తీగతో వేలాడదీశాం. బ్రేక్ గొట్టం మాత్రం విప్పొద్దన్నాను. ఎందుకన్నానో ఇవాళ తెలుస్తుంది.

మన బండి 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు. ముందు లాక్‌హీడ్ డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. దీని ఇంజిన్, పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్ వంశమే. అంబాసిడర్ మీద చేయి తిరిగినవాళ్లకు బానెట్ ఎత్తగానే చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. బ్రేకుల దగ్గరికొస్తే మాత్రం ఆ పాత అలవాటే కొంప ముంచుతుంది.

డ్రమ్ బ్రేక్ వీల్ సిలిండర్‌లో రబ్బరు వాషర్ పిస్టన్‌తో పాటే కదులుతూ బోర్ (పిస్టన్ జరిగే రంధ్రం) గోడను రాసుకుంటూ పోతుంది. అందుకే మెకానిక్‌లు ఆ గోడను గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తారు. కాలిపర్‌లో అంతా తిరగబడుతుంది. సీల్ (రబ్బరు రింగు) బోర్‌లోని గాడిలో కూర్చునే ఉంటుంది, పిస్టన్ దాని మధ్యలోంచి జారుతుంది. కాబట్టి ఇక్కడ నున్నగా ఉండాల్సింది పిస్టన్ ఒళ్లు. శుభ్రంగా ఉండాల్సింది సీల్ గాడి. బోర్ గోడ మీద నాలుగు మచ్చలున్నా కొంప మునగదు.

ఆ సీల్ ఇంకో పని కూడా చేస్తుంది. పెడల్ తొక్కితే పిస్టన్‌తో పాటు కాస్త వంగుతుంది, వదిలితే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. పిస్టన్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగంటూ వేరే లేదు. సీల్ గట్టిపడితే ప్యాడ్ డిస్క్‌ను వదలదు. బండి దిగాక ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక పని. మొదటిసారి నేను కంప్రెసర్ గాలి పెట్టాను. పిస్టన్ తుపాకీ గుండులా వచ్చి ఎదురుగా పెట్టిన చెక్కలో గుంట చేసింది. ఆ చెక్క స్థానంలో నా వేళ్లుంటే ఈ పాఠాలు వేరేవాళ్లు రాసేవారు. గాలి అక్కర్లేదు, కారులో ఉన్న పెడలే చాలు. గొట్టం ఉంచమన్నది అందుకే. రెండు పిస్టన్ల మధ్య పలచటి చెక్క పెట్టి, లోపల ఒకరిని కూర్చోబెట్టి, మెల్లగా పెడల్ తొక్కమనండి. అవతలి చక్రం కాలిపర్ ప్యాడ్లతో సహా డిస్క్ మీదే ఉండాలి, లేకపోతే ఒత్తిడంతా అటు పోతుంది. మాస్టర్ సిలిండర్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా చూసుకోండి.

రెండు పిస్టన్లూ సమానంగా రావు. ఒకటి హాయిగా కదులుతుంది, రెండోది మొండికేస్తుంది. కదిలేదాన్ని జీ-క్లాంప్‌తో బిగించి, మొండిదాన్ని ముందు రప్పించండి. ఒకటి పూర్తిగా ఊడిపోయిందా, ఆయిల్ అంతా అటే కారిపోతుంది, రెండోదాన్ని ఇక పెడల్ కదిలించలేదు. రెండూ దాదాపు చివరిదాకా వచ్చాకే గొట్టం విప్పి, చేత్తో తిప్పుతూ లాగాలి. పిస్టన్ ముఖంలో ఒక పక్క కోత ఉంటే, అది ఎటువైపుందో ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కాలిపర్ రెండు సగాలను కలిపే బోల్టుల జోలికి మాత్రం పోవద్దు. వర్క్‌షాప్ మాన్యువల్ కూడా విప్పొద్దనే అంటుంది.

సీల్స్ తీయడానికి స్క్రూడ్రైవర్ వాడితే గాడి గీరుకుపోతుంది. మొన దించిన వెదురు పుల్ల చాలు.

ఇప్పుడు పిస్టన్‌ను వెలుతురులో పట్టుకుని గోటితో తడమండి. లోపలి సీల్‌కూ బయటి డస్ట్ సీల్‌కూ మధ్య ఉండే పట్టీ మీదే తుప్పు గుంటలు ఎక్కువగా కనిపిస్తాయి. డస్ట్ సీల్ చిరిగితే వాననీరు చేరేది అక్కడికే. 'కొత్త ప్యాడ్లు వేయించాకే లీకు మొదలైంది' అని మెకానిక్‌ను తిట్టుకునేవాళ్లను చూస్తుంటాం. తప్పు అతనిది కాకపోవచ్చు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది. కొత్తవి వేయడానికి వెనక్కి నొక్కగానే, ఇన్నాళ్లూ బయటున్న గుంటల భాగం సీల్ కిందికి వెళ్తుంది.

గోటికి గుంట తగిలితే ఆ పిస్టన్ పని అయిపోయినట్టే. రుద్ది మెరిపించాలనుకోవద్దు, క్రోమ్ పూత పగిలాక దాని కింద తుప్పు పాకుతూనే ఉంటుంది. నేనైతే స్టెయిన్‌లెస్ స్టీల్ పిస్టన్లే వేస్తాను. సీల్ గాడి అంచు తుప్పు తినేసి ఉంటే కాలిపర్‌నే మార్చాలి.

కడగడం గురించి ఒక్క మాట. మనం 'బ్రేక్ ఆయిల్' అంటాం గానీ డాట్ 3, డాట్ 4 రకాలు అసలు ఆయిలే కాదు, గ్లైకాల్ జాతి ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. ఆయిలే కదా అని పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో కడిగితే, మిగిలిన జిడ్డుకు కొత్త సీల్స్ ఉబ్బిపోతాయి. సబ్బు నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరబెట్టండి. ప్యాడ్ల పొడిని మాత్రం ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

వచ్చే పాఠానికి కొత్త సీల్ కిట్, బ్రేకులకు వాడే ఎర్ర రబ్బర్ గ్రీజు, మూత తీయని డాట్ 4 డబ్బా తెచ్చిపెట్టుకోండి. ఈలోగా విప్పిన గొట్టం మూతికి గట్టిగా బిరడా బిగించండి. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్లు పోయండి.