కోనన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి, ముసలితనం దాకా ఎలా వెంట ఉంచుకోవాలి

సినిమా చూసి కోనన్ తెలుసనుకునేవాళ్లు ముందు ఆ సినిమాని కాసేపు పక్కన పెట్టండి. దాన్ని నేను తిట్టబోవడం లేదు, దాని సంగతికి తర్వాత వస్తాను. అసలు కోనన్, అంటే ఊహాలోకంలో కత్తి పట్టుకు తిరిగే ఆటవిక వీరుడు, 1932 డిసెంబరులో ‘వియర్డ్ టేల్స్’ అనే అమెరికన్ మాసపత్రికలో మొదటిసారి కనిపించాడు. రాసింది రాబర్ట్ ఇ. హోవర్డ్. టెక్సస్ రాష్ట్రంలో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో డాక్టరుగారి అబ్బాయి. 1936 జూన్‌లో, ముప్పై ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి పూర్తిచేసిన కోనన్ కథలు 21. అందులో నవల ఒక్కటే. అసలు సరుకు అంతే! షాపుల్లో కోనన్ పేరుతో కనబడే మిగతా పుస్తకాలన్నీ తర్వాతివాళ్లు రాసినవి.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. గూడ్స్ గార్డుగా కాజీపేట–బల్హార్షా సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకాలు బ్యాగులో వేసుకుని, రన్నింగ్ రూములో (డ్యూటీకీ డ్యూటీకీ మధ్య రైలు సిబ్బంది పడుకునే గది) నిద్ర పట్టనప్పుడు చదివేవాణ్ణి. మా చెల్లెలి కొడుకు ఈమధ్య ‘మామయ్యా, ఏ వరసలో చదవాలి’ అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

వరస గురించి పెద్ద గొడవే ఉంది. కోనన్ వయసు ప్రకారం, అంటే దొంగ, కిరాయి సైనికుడు, ఓడదొంగ, చివరికి అక్విలోనియా అనే దేశానికి రాజు, ఇలా సర్దిన సంపుటాలు ఉన్నాయి. వాటి జోలికి మొదట్లో పోకండి. హోవర్డ్ అలా రాయలేదు. మొట్టమొదట అచ్చయిన కథలోనే కోనన్ రాజు. మూడు నెలలు తిరక్కుండానే, 1933 మార్చిలో, మీసాలు సరిగ్గా రాని దొంగ. ఎన్నో ఊళ్లు తిరిగొచ్చినవాడు ఏది గుర్తొస్తే అది ముందు చెబుతాడు కదా, ఆ పద్ధతే ఈ కథల పద్ధతి. వరసగా పేర్చితే అది ఒక సర్వీసు రిజిస్టర్ అయిపోతుంది.

అయినా మొదలుపెట్టడానికి నా ఓటు ఆ మార్చి నెల కథకే. పేరు ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’. జమోరా దేశంలో దొంగల పేట. యారా అనే మాంత్రికుడి గోపురంలో ఒక మణి ఉంది. కొండల నుంచి దిగొచ్చిన కుర్రాడు అది కొట్టేద్దామని ఎక్కుతాడు. తోటలో సింహాలు, పైన పెద్ద సాలీడు, ఇవన్నీ మనకి అలవాటైన సరంజామానే. ఆ తర్వాత ఒక గదిలో ఏనుగు తల ఉన్న విగ్రహం కనిపిస్తుంది. అది విగ్రహం కాదు. వేరే లోకం నుంచి వచ్చిన ప్రాణి. పేరు యాగ్-కోష. యారా దాన్ని బంధించి, కళ్లు పొడిచి, ఏళ్ల తరబడి హింసించి మంత్రాలు రాబట్టుకున్నాడు. దొంగతనానికి వచ్చినవాడు ఆ ప్రాణిని చూసి భయం మరిచి జాలిపడతాడు. ఆ ఒక్క పేజీ మీకు నచ్చకపోతే మిగతా కథలు చదవక్కర్లేదు, నేనేమీ అనుకోను. ఒక హెచ్చరిక: పిల్లలకి నోటితో చెప్పేటప్పుడు ఏనుగు తల అనగానే వినాయకుడా అని అడుగుతారు. కాదని ముందే చెప్పేయండి, ఎందుకంటే తర్వాత జరిగేది వినాయకుడికి జరిగితే రాత్రి నిద్రపోరు.

రెండోది ‘ది ఫీనిక్స్ ఆన్ ది స్వోర్డ్’. అంటే ఆ మొట్టమొదటి కథే. కుర్రాళ్లు దీన్ని త్వరగా దాటేస్తారు. నేనూ ఇరవైల్లో దీనికంటే ఓడల కథలే ఎక్కువసార్లు చదివాను. ఉద్యోగంలో సగం దాటాక, సీటీఆర్ ఫారాలు (గార్డు రాసే రైలు రిపోర్టులు) నింపి నింపి వేళ్లు నొప్పెడుతున్న కాలంలో, ఈ కథ వేరేలా కనిపించింది. కోనన్ బల్ల ముందు కూర్చుని మ్యాపు గీస్తుంటాడు. ఆస్థానంలోని మ్యాపుల్లో ఉత్తరాది దేశాలు సరిగ్గా లేవని, తను పుట్టిన వైపుని తనే పూరిస్తుంటాడు. సింహాసనం గెలవడం తేలికే గానీ ఏలడం విసుగని వాపోతాడు. తనని తిడుతూ పాటలు కట్టే రినాల్డో అనే కవిని చంపించమంటే ఒప్పుకోడు, కవి రాజుకంటే గొప్పవాడంటాడు. ఆ కవే కత్తి పట్టుకుని మీదికొస్తాడు. ఏం జరుగుతుందో చదివి తెలుసుకోండి.

తర్వాత ‘ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్’. 1934లో మూడు నెలలు సీరియల్‌గా వచ్చింది. మనవాళ్లు దీన్ని వదలకూడదు. వెంధ్యా దేశం, దాని రాజధాని అయోధ్య, హిమీలియన్ పర్వతాలు, అఫ్ఘులిస్తాన్... మన వైపు మ్యాపే, అక్షరాలు కాస్త అటూ ఇటూ చేశాడు. అన్నని మంత్రంతో చంపినవాళ్ల మీద పగ తీర్చుకోవడానికి యాస్మిన అనే రాణి బయల్దేరుతుంది. హోవర్డ్ మన దేశం చూసినవాడు కాదు, అది తెలిసిపోతూనే ఉంటుంది. అయినా రాణి గట్టి మనిషి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకి ఆ కొండల్లోని మాంత్రికులు సొంతవాళ్లలాగే ఉంటారు. తేడా ఒక్కటి గమనించండి. మన జానపదంలో వీరుడికి ఏ దేవతో, మునో ఒక వరం ఇస్తారు, చివర రాకుమారితో పెళ్లి. కోనన్‌కి అదేం లేదు. వాడి దేవుడు క్రోమ్ కొండ మీద కూర్చుని ఉంటాడు. పుట్టినప్పుడు పోరాడే బలం ఇచ్చి ఊరుకుంటాడు, పిలిస్తే పలకడు. అసలు పిలవకపోవడమే మంచిదంటాడు కోనన్.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం: ‘బియాండ్ ది బ్లాక్ రివర్’, 1935. సరిహద్దు కోట, అవతల అడవి, అడవిలో పిక్టులు అనే ఆటవిక తెగ. రాజకుమారి లేదు, నిధి లేదు. బాల్తస్ అనే కుర్రాడు, వాడి పక్కన స్లాషర్ అనే కుక్క. పారిపోతున్న ఆడవాళ్లకీ పిల్లలకీ టైం దొరకాలని ఇద్దరూ దారికి అడ్డంగా నిలబడతారు. కోనన్ తర్వాత పగ లెక్క కడతాడు: కుర్రాడికి పది తలలు, కుక్కకి ఏడు. కుక్క చాలామంది మనుషులకంటే మంచి యోధ అంటాడు. అది చదివిన రాత్రి నేను లైటు తీయలేదు. పక్క మంచం మీద లోకో పైలట్ తిట్టాడు.

ఈ నాలుగూ అయ్యాక మీ ఇష్టం. ‘రెడ్ నెయిల్స్’, ‘రోగ్స్ ఇన్ ది హౌస్’, ‘క్వీన్ ఆఫ్ ది బ్లాక్ కోస్ట్’ ఏ వరసలోనైనా పర్వాలేదు.

కొన్ని కథలు చెత్త. దాన్ని దాచి చదివించకూడదు. ‘ది వేల్ ఆఫ్ లాస్ట్ విమెన్’ హోవర్డ్ బతికుండగా అచ్చు కాలేదు, కాకపోయినా నష్టం లేదు. నల్లవాళ్ల గురించి అందులో రాసిన తీరు రోత. మంచి కథల్లో కూడా ఆ మరకలు ఉన్నాయి. పత్రిక కవరు బొమ్మకి పనికొచ్చేలా ఒక సీను ఇరికించిన చోట్లు కూడా తెలిసిపోతుంటాయి. ఇష్టమైన హీరో కదా అని వెనకేసుకు రావక్కర్లేదు. ఆ పేజీ దగ్గర ముఖం చిట్లించి, కుక్క కథ దగ్గర కళ్లు తుడుచుకోవచ్చు. రెండూ ఒకే రచయితవి.

చదివే పద్ధతికి వస్తే, రోజుకో కథ పెట్టుకోకండి. నెలకోసారి పత్రిక వచ్చే కాలంలో రాసినవి ఇవి. ఒక కథకీ ఇంకో కథకీ మధ్య కనీసం వారం వదలండి. వరసగా చదివితే కోనన్ ప్రతిసారీ చిరుతలా కదలడం, నీలికళ్లు మండటం చూసి విసుగొస్తుంది. ఇంగ్లీషుకి భయపడొద్దు. కత్తుల పేర్లూ కవచాల పేర్లూ తెలియకపోతే వదిలేసి ముందుకి పొండి, డిక్షనరీ తీస్తే యుద్ధం ఆగిపోతుంది. వీలుంటే పైకి చదవండి. హోవర్డ్ టైపు చేస్తూ గట్టిగా చదువుకునేవాడట. వాక్యాల నడక అలా చదివితేనే తెలుస్తుంది. రన్నింగ్ రూములో నాకు ఆ అదృష్టం లేకపోయింది. ఇప్పుడు వరండాలో చదువుకుంటున్నాను, మా ఆవిడ తలుపేసుకుంటుంది.

పుస్తకం కొనేటప్పుడు బొమ్మ చూసి మోసపోకండి. 1966 నుంచి లాన్సర్ వేసిన పేపర్‌బ్యాకుల మీద ఫ్రాంక్ ఫ్రజెట్టా గీసిన బొమ్మలు అద్భుతం. ఆ బొమ్మల వల్లే కోనన్ మళ్లీ బతికాడంటే తప్పు కాదు. కానీ లోపల ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ మార్చినవీ, పూర్తిచేసినవీ, సొంతంగా రాసినవీ కలిసిపోయి ఉంటాయి. విషయసూచిక తీయండి. కథ పక్కన హోవర్డ్ పేరు ఒక్కటే ఉందా, ఇంకో పేరు కూడా ఉందా చూడండి. డబ్బు పెట్టగలిగితే డెల్ రే వాళ్ల మూడు సంపుటాలు కొనుక్కోండి. మొదటిది ‘ది కమింగ్ ఆఫ్ కోనన్ ది సిమ్మేరియన్’. హోవర్డ్ రాసిన పాఠం, రాసిన వరసలో ఉంటుంది. డబ్బు లేకపోతే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో చాలా కథలు ఉచితంగా దొరుకుతాయి. రచయిత బతికుండగా అచ్చయిన కథలకి మన దేశంలో కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి టెన్షన్ లేకుండా దించుకోవచ్చు.

ఇక సినిమా. 1982లో జాన్ మిలియస్ తీసింది, ష్వార్జెనెగర్ వేసింది. బాసిల్ పొలెడూరిస్ సంగీతం కోసమైనా మంచి స్పీకర్లు పెట్టుకుని చూడండి. చిన్నప్పుడు బానిసగా చక్రం తిప్పడం హోవర్డ్ కథల్లో లేదు. అక్కడ కోనన్ ఎవడి కిందా పెరగలేదు, పదిహేనేళ్లకే వెనేరియం కోట మీదికి వెళ్లిన గుంపులో ఉన్నాడు. మాట పొదుపు కూడా సినిమాదే. కథల్లో వాడు బాగా మాట్లాడతాడు, చాలా భాషలు వచ్చు. కానీ తనని చెట్టుకి మేకులతో కొట్టినప్పుడు కోనన్ రాబందు మెడని కొరికే సీను మాత్రం హోవర్డ్‌దే, ‘ఎ విచ్ షల్ బి బోర్న్’ నుంచి తీసుకున్నారు. కామిక్స్‌లో 1974లో మొదలైన నలుపు-తెలుపు ‘సావేజ్ స్వోర్డ్’ దొరికితే వదలకండి. రాయ్ థామస్ రాత, జాన్ బుసెమా గీత. కథ ముందు చదివి, బొమ్మలు తర్వాత చూడండి.

ఇరవై ఒకటీ అయిపోయాక ఒక వెలితి వస్తుంది. అప్పుడే జనం అనుకరణ నవలల వైపు పోతారు. దానికంటే హోవర్డ్ ఇంకో రాజు మీద రాసిన ‘బై దిస్ యాక్స్ ఐ రూల్!’ తీసుకోండి. ఆ రాజు పేరు కుల్, అట్లాంటిస్ మనిషి. ఆ కథ అమ్ముడుపోకపోతే హోవర్డ్ దాన్నే తిరగరాసి మొదటి కోనన్ కథగా చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పేజీకి పేజీ చదవండి. కుల్ కథలో ప్రేమజంట ఉంది, మంత్రం లేదు. కోనన్ కథలో ప్రేమజంట పోయి థోత్-ఆమన్ అనే మాంత్రికుడూ, ఉంగరమూ వచ్చాయి. గొడ్డలి మాత్రం రెండింట్లోనూ ఉంది. పెన్సిల్ ఒకటి దగ్గర పెట్టుకోండి.