ముక్కు బాగానే ఉందంటారు, పరీక్ష కాదంటుంది

సమస్య: "నా ముక్కుకేం? అమృతాంజన్ ఘాటు బాగానే తెలుస్తోంది" అంటారు ఇంట్లో పెద్దాయన. పొయ్యి మీద పాలు మాడుతున్న సంగతి మాత్రం పక్కగదిలోంచి కోడలు వచ్చి చెప్పాల్సిందే.

కారణం: ఆ ఘాటు నిజానికి వాసన కాదు. మెంథాల్, కర్పూరం, అమ్మోనియా లాంటివి ముఖంలో మంట, చల్లదనం తెలిపే ట్రైజెమినల్ నరాన్ని కూడా కదిలిస్తాయి. వాసన నరం పూర్తిగా దెబ్బతిన్నా ముక్కు చురుక్కుమంటుంది. పైగా ముసలితనంలో, పార్కిన్సన్స్ (ఒళ్లు వణికించే నరాల జబ్బు) తొలిదశలో వాసన పసిగట్టే శక్తి మెల్లమెల్లగా పోతుంది కాబట్టి పోయిందనే తెలీదు. 2020లో ఇరాన్‌లో ఆస్పత్రిలో ఉన్న 60 మంది కోవిడ్ రోగులకు 40 వాసనల పరీక్ష పెడితే, 59 మందిలో ఎంతో కొంత లోపం బయటపడింది. వాళ్లలో చాలామంది అంతకుముందు తమ ముక్కు బాగానే ఉందనుకున్నవాళ్లే.

పరిష్కారం: కళ్లు మూయించి కాఫీ పొడి, మల్లెపూలు, వేయించిన జీలకర్ర ఒక్కో ముక్కు రంధ్రానికీ విడిగా చూపించండి. మధ్యలో ఖాళీ గిన్నె కూడా పెట్టండి (దానికీ ఏదో వాసన చెప్పేవాళ్లుంటారు!). తడబడితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. వాసనలు నింపిన పెన్నుల్లాంటి స్నిఫిన్ స్టిక్స్‌తో చేసే పూర్తి పరీక్షలో 48 మార్కులకు 16 దాటకపోతే వాసన శక్తి లేనట్టే లెక్క.

సమస్య: "నాలుక చచ్చిపోయింది, ఏం తిన్నా రుచి లేదు."

కారణం: చాలాసార్లు పోయింది రుచి కాదు, వాసనే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసననే మనం రుచి అనుకుంటాం.

పరిష్కారం: ఉప్పు, పంచదార విడివిడిగా నాలుక మీద వేసి చూడండి. తేడా తెలిస్తే నాలుకను వదిలేసి ముక్కు సంగతి చూడాలి.

సమస్య: వాసన పరీక్షలో మార్కులు తక్కువ, మనిషేమో అన్ని వాసనలూ వస్తున్నాయంటాడు.

కారణం: ఒక్కోసారి తప్పు పరీక్షదే. అమెరికాలో తయారైన 40 వాసనల పరీక్షలో రూట్ బీర్, వింటర్‌గ్రీన్ లాంటివి ఉంటాయి. ఎన్నడూ ఎరగని వాసనకు పేరెలా పెడతారు?

పరిష్కారం: మనకు తెలిసిన వాసనలతో మళ్లీ చేయమనండి. పేరుతో పనిలేకుండా ఎంత పలచని వాసన పసిగట్టగలరో కొలిచే పరీక్ష కూడా ఉంది, అడగండి.

లోపం ఖాయమైతే కారణాన్ని బట్టి చికిత్స ఉంటుంది. వైరస్ వల్ల పోయినదానికి గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు రోజూ రెండుపూటలా పీల్చే సాధన చేయిస్తారు. నెలల తరబడి పడుతుంది, ఓపిక కావాలి. ఈలోగా వంటింట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించండి. సిలిండర్ గ్యాస్‌కు కలిపే ఆ కంపు వీళ్లకు తెలీదు.