వీనోగ్రామ్ రాశారా? డై ఎక్కించుకునే ముందు ఇవి చూసుకోండి

వీనోగ్రామ్ అంటే, కాలికైతే పాదం మీద సిరలో సన్న సూది పెట్టి అయోడిన్ ఉన్న డై ఎక్కిస్తూ ఎక్స్‌రేలు తీస్తారు, సిర ఎక్కడ మూసుకుపోయిందో, రక్తం గడ్డ ఎక్కడుందో కనబడుతుంది. ఇప్పుడు చాలామందికి డాప్లర్ స్కాన్‌తోనే (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) పని అయిపోతోంది, దానికి డై అక్కర్లేదు, అందుకే అది సరిపోదా అని డాక్టర్‌ని ఒకసారి అడగండి, మొహమాటపడొద్దు.

ఇంతకుముందు సీటీకో యాంజియోకో డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం లాంటివి వచ్చుంటే మాత్రం తప్పకుండా చెప్పాలి, అప్పుడెప్పుడో కొంచెమే కదా అని వదిలేయకండి ప్లీజ్. చెప్తే ముందుగా స్టెరాయిడ్ బిళ్ళలిస్తారు, లేదంటే డై మారుస్తారు, అసలు వేరే టెస్టే చేయొచ్చు. ఆస్తమా ఉన్నా చెప్పండి. రొయ్యలు పడనివాళ్ళకి డై కూడా పడదని చాలామంది భయపడతారు గానీ రొయ్యల ఎలర్జీ వాటిలో ఉండే ప్రోటీన్ వల్ల వస్తుంది, అయోడిన్ వల్ల కాదు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) రిపోర్ట్ చూపించాకే టెస్ట్‌కి ఒప్పుకోండి, ఎందుకంటే డై బయటికి పోయేది కిడ్నీల్లోంచే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి టెస్ట్ దగ్గర ఆపి 48 గంటల తర్వాత కిడ్నీ చూసి మళ్ళీ మొదలుపెట్టమంటారు, కిడ్నీలు బాగుంటే సాధారణంగా ఆపక్కర్లేదు, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. రక్తం పల్చబడే మందులు, థైరాయిడ్, గర్భం ఉందేమో అన్న అనుమానం ఇవన్నీ కూడా చెప్పేయండి.

డై వెళ్తుంటే ఒళ్ళంతా వేడిగా అనిపించడం, నోట్లో ఇనుము రుచి రావడం మామూలే, కాసేపట్లో పోతాయి. కానీ సూది దగ్గర భగ్గుమని మంట, వాపు వస్తే డై సిర బయటికి కారుతోందేమో, ఓర్చుకుంటూ పడుకోకుండా వెంటనే కేకేయండి, ఆపేస్తారు. దురద, గొంతు బిగుసుకుపోతున్నట్టు ఉన్నా అంతే. ఎక్కువ రియాక్షన్లు మొదటి అరగంటలోనే వస్తాయి కాబట్టి అంతసేపు అక్కడే కూర్చోండి.

ఇంటికొచ్చాక నీళ్ళు బాగా తాగండి, గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు డాక్టర్ చెప్పినంతే. దద్దుర్లు వారంలోపు ఎప్పుడైనా రావొచ్చు. సూది పెట్టినచోట ఎర్రబడి, సిర తాడులా గట్టిపడినా, మూత్రం బాగా తగ్గినా డాక్టర్‌కి ఫోన్ చేయండి. పిక్క వాచి నొప్పి పెడితే అదే రోజు చూపించుకోండి, కొత్తగా గడ్డ కట్టి ఉండొచ్చు, డై వల్ల అరుదుగా అలా అవుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఫోన్లతో టైం పోగొట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకే.