మోటర్‌ బోటు బిల్జ్‌లోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం ఎలా?

బిల్జ్ అంటే బోటు నేలపలకల కింద, అన్నిటికన్నా పల్లంగా ఉండే చోటు. బోటులో ఎక్కడ చుక్క కారినా చివరికి అక్కడికే చేరుతుంది. చిక్కంతా ఇక్కడే. నీళ్ళు కనిపించిన చోటే కారుతోందనుకుని సీలెంట్ పూసేస్తారు, వారం తిరక్కుండానే మళ్ళీ నీళ్ళు. ముందు భాగంలో యాంకర్ పెట్టె దగ్గర దిగిన వాననీరు అడుగు దూలాల వెంబడి జారి ఇంజిన్ కింద తేలడం మామూలే. అందుకే కారే చోటు వెతికే ముందు, కారే వేళ తెలుసుకోవాలి. బోటు ఊరికే కట్టేసి ఉన్నప్పుడా, ఇంజిన్ తిరిగేటప్పుడా, వేగం అందుకున్నప్పుడా, వాన పడ్డాకా? ఇది తేలితే అనుమానించాల్సిన భాగాలు మూడో నాలుగో మిగులుతాయి.

ఒక హెచ్చరిక. పంపు ఆగకుండా తిరుగుతున్నా నీటిమట్టం పెరుగుతూ ఉంటే పరీక్షలకు కూర్చోకండి. అడుగున నీరు వచ్చిపోయే రంధ్రాలకు ఉండే సీకాక్ వాల్వులన్నీ మూసేసి, బోటును వెంటనే నీళ్ళలోంచి తీయించండి. నీటిమట్టానికి 30 సెం.మీ. దిగువన 25 మి.మీ. రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకు పైగా లోపలికి వస్తాయి. చిన్న బిల్జ్ పంపులు దీనికి తట్టుకోలేవు. పంపు మీద రాసిన సామర్థ్యం కూడా గొట్టం ఎత్తు, వంపులు, బ్యాటరీ వోల్టేజి కలిసేసరికి బాగా పడిపోతుంది.

కావలసినవి: స్పాంజి, బకెట్, పాత గుడ్డలు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, మంచి టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం, టిష్యూ పేపర్, టాల్కం పౌడర్ లేదా సుద్దపొడి, ప్లంబర్ పుట్టీ, తినే రంగు, చిన్న అయస్కాంతం, మార్కర్.

1. ముందు భద్రత

పెట్రోలు ఇంజిన్ అయితే మూతలు తెరిచి వాసన చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు, ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటకు లాగే బ్లోయర్‌ను కనీసం 4 నిమిషాలు నడపండి. పెట్రోలు వాసన వస్తుంటే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా ముందు ఆ సంగతి చూడాలి. నీళ్ళు లాగడానికి ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు, దాని మోటారు నిప్పురవ్వలు పెట్రోలు ఆవిరికి అంటుకుంటాయి. నూనె తేలుతున్న నీటిని బయటకు తోడకుండా, నూనె పీల్చే ప్యాడ్లతో ఎత్తి విడిగా పడేయండి.

2. తోడేసే ముందు ఆ నీళ్ళు చూడండి

గ్లాసుడు నీళ్ళు పక్కన పెట్టండి. నల్లటి పళ్ళెంలో కొంచెం పోసి ఎండబెడితే, సముద్రపు నీరైతే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి వేళ్ళకు జారుడుగా తగిలితే ఇంజిన్ కూలెంట్. రుచి చూసి తేల్చుకునే అలవాటు మానుకోండి, చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. సముద్రంలో తిరిగే బోటులో మంచినీరు కనిపిస్తే వాన, మంచినీటి ట్యాంకు, వాటర్ హీటర్ సేఫ్టీ వాల్వు, ఏసీ నుంచి జారే నీరు, వీటిలో ఒకటి. నదిలో, చెరువులో తిరిగే బోటుకు ఈ తేడా తెలియదు కాబట్టి, ట్యాంకులో తినే రంగు కలిపి చూడాలి. బిల్జ్‌లో రంగు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

3. పూర్తిగా ఆరబెట్టండి

చాలామంది తొందరపడేది ఇక్కడే. సబ్బు నీళ్ళతో జిడ్డంతా కడిగి, స్పాంజితో పిండి, గుడ్డతో తుడిచి, గాలి తగలనివ్వండి. జిడ్డు మీద నీటి దారి కనబడదు. ఒక గది నుంచి ఇంకో గదికి నీరు పారే చిన్న రంధ్రాల్లో పూడిక ఉంటే తీసేయండి. లేకపోతే ముందు నిలిచిన నీరు, బోటు ముందు కొన పైకి లేవగానే ఒక్కసారిగా వెనక్కి వచ్చి, నడిచేటప్పుడు కారుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది.

ఇంకో భ్రమ పంపు గొట్టం. పంపు ఆగగానే గొట్టంలో మిగిలిన నీరు వెనక్కి వస్తుంది. 28 మి.మీ. గొట్టం పైకి 3 మీటర్లు ఉంటే దాదాపు 1.8 లీటర్లు! అది కారడం కాదు, రాత్రీ పగలూ అక్కడక్కడే తిరిగే పాత నీరు.

ఆరాక, గదుల మధ్య దారుల్లో పుట్టీతో చిన్న గట్లు కట్టండి. ఏ గది ముందు తడుస్తుందో అప్పుడు తేటగా తెలుస్తుంది. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ ముక్క పరవండి, అనుమానం ఉన్న చోట సన్నగా పౌడర్ చల్లండి. చుక్క జారితే తెల్లటి పౌడర్‌లో ముదురు గీత పడుతుంది, దాని పై కొసే మీకు కావలసింది.

4. కట్టేసి ఉన్నప్పుడు

సీకాక్‌లన్నీ తెరిచి, ఇంజిన్ ఆపి, కొన్ని గంటలు వదిలేయండి. ఆటోమేటిక్ పంపు మాత్రం ఆపొద్దు. ఈ దశలోనే తడి కనిపిస్తే నీటిమట్టం కింద ఉన్న వాటిలోనే ఏదో కారుతోంది: డ్రెయిన్ ప్లగ్గు, బోటు అడుగు గుండా బయటికి వెళ్ళే ఫిట్టింగులు, వాటి గొట్టాలు, చుక్కాని కడ్డీ సీలు, షాఫ్ట్ గ్లాండ్ (ప్రొపెల్లర్ కడ్డీ బోటు గుండా బయటికి వెళ్ళే చోటి సీలు), లోతు కొలిచే సెన్సర్.

గొట్టం అడుగు వైపు ఆరిన వేలు పెట్టి నిదానంగా జరపండి, కంటికి దొరకని తడి వేలికి దొరుకుతుంది. క్లాంపు పట్టీ స్టెయిన్‌లెస్ అయినా కొన్నిటికి స్క్రూ మామూలు ఉక్కుది. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే ఆ క్లాంపు మార్చేయండి. ఇత్తడి, కంచు ఫిట్టింగులు గులాబీ రంగుకు తిరిగితే అందులోని జింకు కరిగిపోయి లోహం గుల్ల అయిందని అర్థం. సీకాక్‌లన్నీ మూసి, ఒక్కొక్కటే తెరుస్తూ ప్రతిదానికీ కాసేపు ఆగి చూస్తే, ఏ గొట్టం వరస కారుతోందో తేలిపోతుంది.

షాఫ్ట్ గ్లాండ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాత పద్ధతి ప్యాకింగ్ గ్లాండ్ షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి, అదే దానికి చల్లదనం. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, కాబట్టి రోజంతా తిరిగినా పావు లీటరు దాటదు. ఆగి ఉన్నప్పుడు కూడా సెకనుకో చుక్క పడుతుంటే రోజుకు 4 లీటర్ల పైచిలుకు. అప్పుడు లాక్ నట్టు వదులు చేసి, పెద్ద నట్టును చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగిస్తూ చూడాలి. ఒకేసారి బిగించేస్తే ప్యాకింగ్ మాడిపోయి షాఫ్ట్ మీద గాట్లు పడతాయి, ఆ తర్వాత ఎంత బిగించినా కారుతుంది. కాసేపు నడిపి షాఫ్ట్ ఆపాక గ్లాండ్ మీద చెయ్యి పెట్టండి: గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే బిగువు ఎక్కువైంది.

స్టెర్న్‌డ్రైవ్ బోటుకు (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ వెనక బయట) గ్లాండ్ ఉండదు, బెలోస్ అనే మడతల రబ్బరు తొడుగులు ఉంటాయి. పగుళ్ళు మడతల లోతుల్లో ఉంటాయి కాబట్టి బోటు బయట ఉన్నప్పుడు డ్రైవ్‌ను పైకెత్తి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ టార్చి వేసి చూడండి. తిప్పేటప్పుడు బేరింగు గరగరమంటే లోపలికి నీరు చేరి ఉండొచ్చు. గేర్ కేబుల్ మీది సన్నటి తొడుగును మరిచిపోతారు, అది చిరిగినా నీరు నేరుగా బిల్జ్‌లోకే.

5. ఇంజిన్ తిరిగేటప్పుడు

తాళ్ళు గట్టిగా కట్టి ఇంజిన్ నడపండి. ఇంజిన్‌ను చల్లబరచడానికి బయటి నీటిని లాగే పంపు బాడీకి కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ నీళ్ళు వస్తే షాఫ్ట్ సీలు పోయింది. ఆ రంధ్రాన్ని మూయకండి, లోపలి బేరింగును కాపాడేది అదే. పుల్లీ ఆ నీటిని చుట్టూ చిమ్ముతుంది కాబట్టి తడి ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. హీట్ ఎక్స్ఛేంజర్ (బయటి నీటితో కూలెంట్‌ను చల్లార్చే భాగం) చివరి మూతలు, ఎగ్జాస్ట్ ఎల్బో (పొగ గొట్టం వంపు) గ్యాస్కెట్లు కూడా చూడండి. బెల్టుల దగ్గర వదులు బట్టలు, చేతులు పనికిరావు.

6. నడిచేటప్పుడు

ఒకరు నడపాలి, ఒకరు చూడాలి. వేగం అందుకుంటున్నప్పుడు వెనక భాగం కిందికి దిగుతుంది, మామూలుగా పైన ఉండే రంధ్రాలు నీళ్ళలో మునుగుతాయి. బిల్జ్ పంపు బయటి మూతి మునిగితే, ఆగిన పంపు గుండా నీరు లోపలికి రావచ్చు. గొట్టాన్ని పైకి ఎత్తి వంపు తిప్పి, గాలి వాల్వు పెట్టడమే దీనికి మందు. ట్రిమ్ ట్యాబ్ (బోటు వాలు సరిచేసే వెనక రేకులు) స్క్రూలు, నీళ్ళలోకి దిగే మెట్ల బోల్టులు, బోటు పై భాగం అడుగు భాగంతో కలిసే అతుకు కూడా అప్పుడే బయటపడతాయి.

7. వాన అనుమానం

హోస్ పైపుతో సన్నటి ధార పెట్టి, కింది నుంచి పైకి, ఒక్కో చోట 5 నుంచి 10 నిమిషాలు తడపండి. పై నుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడిసి ఏదీ తేలదు. ప్రెషర్ వాషర్ వాడితే బాగున్న సీళ్ళ గుండా కూడా నీరు దూరుతుంది.

8. ఒడ్డున, ట్రైలర్ మీద

అప్పటికీ దొరక్కపోతే బయటి అడుగును పొడిగా తుడిచి, బిల్జ్‌లో రంగు నీళ్ళు పోయండి. వైర్లకు, స్టార్టర్ మోటారుకు తగలని లోతు చాలు. లీటరు నీరు కిలో బరువు, 100 లీటర్లంటే ట్రైలర్ మీద 100 కిలోలు ఎక్కువ. బయట చెమ్మ కనిపించిన ప్రతిచోటా మార్కర్‌తో గుర్తు పెట్టండి. అయితే కొన్ని రబ్బరు సీళ్ళు బయటి నుంచి ఒత్తిడి పడితేనే కారతాయి, ఈ పరీక్షలో పొడిగా ఉన్నంత మాత్రాన వాటిని వదిలేయకండి.

ఫిట్టింగు కారుతుంటే దాని చుట్టూ పైపైన సీలెంట్ పూయడం దండగ. విప్పి, పాతది గీకి, నీటిమట్టం కింద పనికొచ్చే పాలీయురేథేన్ సీలెంట్‌తో మళ్ళీ కూర్చోబెట్టాలి. ఆరాక, కారడం బయటపడిన అదే పరీక్ష మళ్ళీ చేయండి, ఎందుకంటే పెద్దది ఆగాకే దాని వెనక దాగిన చిన్నది కనిపిస్తుంది.